24 గంటల్లో మూడు శిఖరాలు: కొండకీ, కొండ కింది ఊరికీ భారం కాకుండా వెళ్ళాలంటే

మీరు అడిగింది ఇదీ: బ్రిటన్‌లో ఉంటున్న మీ తెలుగు సంఘం తరఫున 28 మంది జూన్ నెల శని, ఆదివారాల్లో బెన్ నెవిస్ (స్కాట్లండ్), స్కాఫెల్ పైక్ (ఇంగ్లండ్), స్నోడన్ (వేల్స్) ఈ మూడు కొండలూ 24 గంటల్లో ఎక్కి, ఒక సేవాసంస్థకు విరాళాలు పోగుచేయాలనుకుంటున్నారు. చెత్త వేయకూడదని అందరికీ తెలుసు, అది కాక ఇంకేం చూసుకోవాలి అని మీ ప్రశ్న.

చెత్త సంగతి కింద చెప్తాను. ముందు చెప్పాల్సింది గడియారం గురించి. ఈ నడకలో కొండకీ ఊళ్ళకీ జరిగే నష్టంలో చాలా భాగం మనుషుల దురుసుతనం వల్ల జరగదు, 24 గంటల గడువు వల్ల జరుగుతుంది. అర్ధరాత్రి ఊరు నిద్ర లేపడం, దారి వదిలి గడ్డి మీద అడ్డంగా దిగడం, టాయిలెట్ దాకా వెళ్ళే ఓపిక లేక రాళ్ళ చాటున కూర్చోవడం, పొగమంచు కమ్మినా వెనక్కి తిరగకపోవడం, ఇవన్నీ తొందరలోంచి పుట్టేవే.

లెక్క చూడండి. బెన్ నెవిస్ 1345 మీటర్లు, స్కాఫెల్ పైక్ 978, స్నోడన్ 1085. నడక మొత్తం సుమారు 37 కిలోమీటర్లు, ఎక్కుడు 3 వేల మీటర్ల పైచిలుకు. కారు ప్రయాణం మాత్రం దాదాపు 740 కిలోమీటర్లు. బెన్ నెవిస్ నడక మొదలయ్యే గ్లెన్ నెవిస్ నుంచి స్కాఫెల్ పైక్ కింది వాస్‌డేల్‌కి 6 గంటలు, అక్కడి నుంచి స్నోడన్ నడక మొదలయ్యే పెన్-ఎ-పాస్‌కి 4 గంటలన్నర నుంచి 5 గంటలు. అంటే రోజులో 11 గంటలు బండిలోనే పోతాయి. మిగిలిన 13 గంటల్లో బెన్ నెవిస్‌కి 5, మిగతా రెండింటికీ నాలుగేసి. మామూలుగా నడిచేవాళ్ళకి బెన్ నెవిస్ ఒక్కటే 7 నుంచి 9 గంటలు పడుతుంది. మీ 28 మందిలో దాన్ని 5 గంటల్లో ముగించగలిగేవాళ్ళు ఎందరో ఇప్పుడే నిజాయితీగా లెక్కపెట్టుకోండి. గుంపు వేగం అంటే చివరి మనిషి వేగమే.

చాలామంది వేసుకునే వేళలు ఇలా ఉంటాయి: సాయంత్రం 5కి బెన్ నెవిస్ మొదలు, రాత్రి 10కి కిందకి, తెల్లవారుజామున 4కి వాస్‌డేల్, ఉదయం 8కి అక్కడి నుంచి బయల్దేరి మధ్యాహ్నం ఒంటిగంటకి పెన్-ఎ-పాస్, సాయంత్రం 5కి ముగింపు. కాగితం మీద చక్కగానే ఉంటుంది. ఇందులో బాధ పడేది వాస్‌డేల్ హెడ్. అది కొన్ని ఇళ్ళు, ఒక సత్రం, గొర్రెల పొలాలు, ఒక బుల్లి చర్చి ఉన్న చిన్న పల్లె. రోడ్డు అక్కడితో ఆగిపోతుంది, వచ్చిన బండి అదే ఇరుకు దారిలో తిరిగి పోవాలి. చుట్టూ కొండలు కాబట్టి కారు తలుపు వేసిన చప్పుడు కూడా లోయంతా వినిపిస్తుంది. జూన్‌లో ప్రతి శనివారం రాత్రీ ఇలాంటి గుంపులు వరసగా దిగుతుంటాయి. మీరు వెళ్ళేది ఒక్క రాత్రే, ఆ ఊరివాళ్ళకి మాత్రం వేసవంతా అదే.

అందుకని నా మొదటి సలహా: మూడు శిఖరాలూ కావాలంటే నాలుగు రోజుల్లో ఎక్కండి. మొదటి రోజు బెన్ నెవిస్, రాత్రికి ఫోర్ట్ విలియంలో బస. రెండో రోజు పొద్దున్నే ప్రయాణం, సాయంత్రానికి వాస్‌డేల్ ప్రాంతంలో బస. మూడో రోజు ఉదయం స్కాఫెల్ పైక్, మధ్యాహ్నం వేల్స్‌కి ప్రయాణం, నాలుగో రోజు ఉదయం స్నోడన్. సెలవు రెండు రోజులు ఎక్కువవుతుంది. కానీ ఆ ఊళ్ళ హాస్టళ్ళలో పడుకుని, అక్కడే తిని, అక్కడి దుకాణంలో కొన్నందువల్ల మీ రాక వాళ్ళకి నాలుగు డబ్బులు తెస్తుంది. 24 గంటల పద్ధతిలో ఆ ఊళ్ళకి మిగిలేది చప్పుడూ చెత్తా మాత్రమే. విరాళం ఇచ్చేవాళ్ళు ఎక్కిన కొండల్నే చూస్తారు. గంటలు తగ్గించినంత మాత్రాన ఎవరూ రెండు పౌండ్లు ఎక్కువ వేయరు.

ఒకవేళ 24 గంటలే అని తీర్మానించుకుంటే, జూన్ మధ్య శని, ఆదివారాలు వదిలేయండి. అవి ఏడాదిలోకెల్లా రద్దీ రోజులు. సెప్టెంబరు మొదటి రెండు వారాల్లో మంగళ, బుధ వారాలు చూసుకోండి. చీకటి కాస్త త్వరగా పడుతుంది, హెడ్ టార్చ్ ఎలాగూ ఉంటుంది. వాస్‌డేల్‌కి ఉదయం 5కి ముందు చేరకుండా, చీకటి పడ్డాక అక్కడ ఉండకుండా వేళలు సర్దండి. త్వరగా వచ్చేస్తే రోడ్డు పక్కన ఇంజన్ ఆన్‌లో పెట్టుకుని ఎదురుచూడొద్దు, దారిలోనే ఆగండి. గ్రెట్నా దగ్గరి సర్వీస్ స్టేషన్ ఇందుకు సరిగ్గా సరిపోతుంది. టాయిలెట్, నీళ్ళు నింపుకోవడం, బట్టలు, బూట్లు మార్చుకోవడం, సంచులు సర్దుకోవడం, ఎవరు ఏ జట్టో చెప్పడం అన్నీ అక్కడే ముగించాలి. వాస్‌డేల్‌లో బండి దిగిన ఐదు నిమిషాల్లో మాటలు లేకుండా నడక మొదలవ్వాలి. తలుపులు నెమ్మదిగా మూయండి, హారన్ వద్దు, తిరిగొచ్చాక చప్పట్లూ ఈలలూ వద్దు, హెడ్ టార్చ్ వెలుగు ఇళ్ళ కిటికీల వైపు తిప్పొద్దు.

బండ్ల విషయంలో మనవాళ్ళు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. 1997 జనవరి 1 తర్వాత కారు లైసెన్సు పొందినవాళ్ళకి 16 సీట్ల మినీబస్సు నడిపే అర్హత దానంతటదే రాదు, దానికి డీ1 అనే వేరే అర్హత కావాలి. మామూలు లైసెన్సుతో డ్రైవర్ కాక 8 మందిని ఎక్కించుకునే బండి వరకే. అది తెలిశాక చాలా గుంపులు ఆరేడు సొంత కార్లలో బయల్దేరతాయి, ఆ కార్లు పెట్టడానికి ఆ లోయల్లో చోటుండదు. డ్రైవర్‌తో సహా రెండు మినీబస్సులు అద్దెకి తీసుకోండి. ఒక్కో బండికి ఇద్దరు డ్రైవర్లు ఉండాలి, ఇద్దరూ కొండ ఎక్కనివాళ్ళే అయివుండాలి. మీరు నడిచే నాలుగు గంటలూ డ్రైవర్ పడుకోవాలి. ప్రయాణ వేళలు వేగ పరిమితి లోపలే సాధ్యమయ్యేలా ఉండాలి, పైగా ఒక గంట మిగులు ఉండాలి. ఆ మిగులు లేకపోతే కొండ మీద పోయిన సమయాన్ని రోడ్డు మీద రాబట్టుకోవాలని చూస్తారు.

పెన్-ఎ-పాస్ పార్కింగ్ సీజన్లో ముందుగా బుక్ చేసుకోవాలి. లేకపోతే నాంట్ పెరిస్‌లో బండి పెట్టి, షెర్పా ఎర్ విద్వా బస్సులో పైకి రండి. 28 మందీ ఒకే బస్సుకి పోకుండా రెండు మూడు బస్సుల్లో సర్దుకోండి. రోడ్డు అంచున బండి పెడితే అంబులెన్సుకి దారి ఉండదు. అలా పెట్టిన కార్లను పోలీసులు అక్కడ తొలగించిన సందర్భాలున్నాయి. ఇంకో మాట: 2022 నుంచి ఆ జాతీయ ఉద్యానవనం వాళ్ళు స్నోడన్‌ని ఎర్ విద్వా అనే వేల్స్ పేరుతోనే పిలుస్తున్నారు. మీ కరపత్రంలో ఆ పేరు వేస్తే అక్కడివాళ్ళకి సంతోషం. మన ఊళ్ళ పేర్లని ఇంగ్లీషువాళ్ళు ఎలా వంకర్లు తిప్పారో మనకి తెలిసిందేగా.

28 మంది ఒకే వరసలో నడవొద్దు. ఏడేసి మంది చొప్పున నాలుగు జట్లు, పావుగంట ఎడంతో బయల్దేరండి. ఒక్కో జట్టుకి మ్యాపూ దిక్సూచీ చూడడం వచ్చినవాళ్ళు ఒకరుండాలి. మీలో లేకపోతే మౌంటెన్ లీడర్ అర్హత ఉన్నవాళ్ళని డబ్బిచ్చి తెచ్చుకోండి, ఇది తగ్గించుకోకూడని ఖర్చు. స్కాఫెల్ పైక్ నేషనల్ ట్రస్టు అనే సంరక్షణ సంస్థది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయినవాళ్ళ స్మృతిగా ఆ శిఖరాన్ని 1919లో ట్రస్టుకి ఇచ్చారు. బెన్ నెవిస్ పైభాగం 2000 నుంచి జాన్ మ్యూర్ ట్రస్టు చేతిలో ఉంది. ఇంత పెద్ద గుంపు వస్తున్నప్పుడు తేదీ, వేళ, మనుషుల సంఖ్య కనీసం రెండు నెలల ముందు వీళ్ళకీ, స్నోడన్ ఉన్న ఎరరి (స్నోడోనియా) జాతీయ ఉద్యానవనం వాళ్ళకీ రాయండి. అదే రోజు వేరే పెద్ద కార్యక్రమం ఉంటే తేదీ మార్చుకోవడానికి వీలుంటుంది.

ఇక దారి. ఈ కొండల మీద నేల పలచన, వాన ఎక్కువ. మలుపు దగ్గర ఒకరు అడ్డంగా దిగితే గడ్డి నలుగుతుంది. వందమంది దిగితే వేరు ఊడుతుంది. వేరు ఊడిన చోట వాననీరు కాలువ కడుతుంది, కొన్ని చలికాలాలు గడిచేసరికి అది మోకాలి లోతు గండి. అందుకే ఫిక్స్ ద ఫెల్స్ లాంటి బృందాలు హెలికాప్టర్‌తో రాళ్ళ సంచులు పైకి చేర్చి, ఒక్కో రాయీ చేత్తో పేర్చి మెట్లు కడతాయి. దిగేటప్పుడు ఆ రాతిమెట్లు మోకాళ్ళని కుదిపేస్తాయి. అందుకే జనం పక్కనున్న మెత్తటి గడ్డి మీదకి జరుగుతారు, దారి ఏటికేడు వెడల్పవుతుంది. స్కాఫెల్ పైక్ మీద బ్రౌన్ టంగ్ దగ్గర, బెన్ నెవిస్ వంకరదారి మలుపుల దగ్గర ఇది ఎక్కువ. నియమం చిన్నదే: రాళ్ళ మీదే నడవాలి, నీటిగుంట వస్తే పక్కనుంచి కాక మధ్యలోంచే పోవాలి. దానికి తగ్గ బూట్లు కావాలి. స్పోర్ట్స్ షూలతో వచ్చినవాళ్ళు ఎంత మంచివాళ్ళయినా బురద చూడగానే గడ్డెక్కుతారు. చేతికర్రల మొనలకి రబ్బరు తొడుగులు వేసుకోండి. ముందువాళ్ళని దాటాలంటే గడ్డి మీదుగా కాకుండా, దారి వెడల్పున్న చోట అడిగి దాటండి. వాస్‌డేల్ దారిలో లింగ్‌మెల్ గిల్ వాగు దాటాలి. భారీ వానలో అది ఉరకలు వేస్తుంటే దాటే ప్రయత్నం చేయొద్దు, వెనక్కి రండి.

మనవాళ్ళు మొహమాటపడి అడగని విషయం టాయిలెట్. అలిపిరి మెట్ల దారిలోలాగా మధ్యమధ్యలో కొట్లూ, కుళాయిలూ, మరుగుదొడ్లూ ఉంటాయనుకుని రావొద్దు. బెన్ నెవిస్‌కి కింద గ్లెన్ నెవిస్ సందర్శకుల కేంద్రంలో, స్నోడన్‌కి పెన్-ఎ-పాస్‌లో టాయిలెట్లున్నాయి. స్నోడన్ శిఖరం మీది భవనం తెరిచిన రోజుల్లోనే పనికొస్తుంది. మధ్యలో ఏమీ ఉండవు. కాబట్టి నడకకి ముందే వెళ్ళొచ్చేలా వేళ పెట్టుకోండి, ముందు రోజు కారం, మసాలా తగ్గించండి.

దారిలో తప్పనిసరైతే: నీటికి కనీసం 30 మీటర్లు, దారికి 50 మీటర్లు ఎడంగా వెళ్ళాలి. చేతిపారతో 15 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, పని అయ్యాక అదే మట్టితో పూడ్చి, తీసిన గడ్డిపెళ్ళని తిరిగి పైన కూర్చాలి. నీళ్ళతో కడుక్కునే అలవాటున్న మనకి ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది, కాగితం అసలు మిగలదు. అర లీటరు సీసా దీనికోసమే వేరుగా పెట్టుకుని, ఆ గుంట మీదే కడుక్కోండి. వాగులోకి దిగడం, వాగు గట్టున కడుక్కోవడం వద్దే వద్దు. ఆ నీళ్ళే కింద గొర్రెలూ మనుషులూ తాగేవి. సబ్బు వాడొద్దు, తర్వాత చేతులకి శానిటైజర్ చాలు. టిష్యూ వాడితే పూడ్చకుండా రెండు జిప్ కవర్లలో వేసి కిందకి తేవాలి. వెట్ వైప్స్‌లో చాలా రకాల్లో ప్లాస్టిక్ పోగులుంటాయి, అవి మట్టిలో కలవవు. శానిటరీ ప్యాడ్లూ అంతే. ప్రతి జట్టు నాయకుడి దగ్గరా నల్ల కవర్లు, శానిటైజర్, ఒక చేతిపార ఉన్న చిన్న సంచి పెట్టండి. అది ఎక్కడుందో ముందే చెప్పండి, అప్పుడు ఎవరూ సిగ్గుపడి అడగాల్సిన పని ఉండదు. శిఖరాల మీద అంతా రాయే, తవ్వడానికి మట్టి ఉండదు. అక్కడ మలాన్ని కూడా కవర్లో తేవడమే దారి. బెన్ నెవిస్ మీదున్న చిన్న గది ప్రాణాపాయంలో తలదాచుకోవడానికి, ఇంక దేనికీ కాదు.

ఆ శిఖరం మీద ఒక లోయచీలిక పేరు గార్డీలూ గల్లీ. 1883 నుంచి 1904 దాకా పైన ఉన్న వాతావరణ పరిశోధనశాలవాళ్ళు చెత్తని అందులోకి విసిరేవారు. పాత ఎడిన్‌బరోలో కిటికీలోంచి మురికినీళ్ళు పారబోసే ముందు అరిచే కేక పేరే దానికి పెట్టారు. అంటే ఆ కొండ మీద చెత్త సమస్య 140 ఏళ్ళ నాటిది.

తిండి దగ్గర మన వంటలు నిజంగా మేలు. ఒక్కొక్కరికి రెండు చపాతీలో పులిహోరో, వేరుశెనగ చిక్కీ 4, జంతికలు ఒక గుప్పెడు, ఖర్జూరం 10, ఇవి ఒక కొండకి సరిపోతాయి. ప్లాస్టిక్ కవర్లలో ఉన్నవాటిని ఇంట్లోనే విప్పి డబ్బాల్లో సర్దితే పైన ఎగిరిపోయే కాగితమే ఉండదు. చిన్న చిన్న కవర్ల చించిన మూలలు కొండ మీద తరచూ కనిపించే చెత్త, గాలికి చేతిలోంచి జారేదీ అదే. పులిహోరని వేడివేడిగా డబ్బాలో బిగించొద్దు, చెమట పట్టి పాడవుతుంది. పూర్తిగా చల్లార్చి సర్దుకుని, మొదటి కొండకే తినేయండి. రెండో కొండకి పొడి తిండే మంచిది.

అరటితొక్క, నారింజతొక్క, కరివేపాకు, ఎండుమిర్చి మట్టిలో కలిసేవే కదా అని పడేయొద్దు. గుంటూరు ఎండలో తొక్క పది రోజుల్లో మట్టయిపోవచ్చు. బెన్ నెవిస్ మీద జూన్‌లో కూడా మంచు మిగిలి ఉంటుంది, ఆ చలిలో నారింజతొక్క రెండేళ్ళ దాకా అలాగే ఉండొచ్చు. నిజానికి ఆ శిఖరం మీద పెద్ద బెడద అరటితొక్కలే. అన్నం మెతుకులు ఎలుకలనీ కాకులనీ గల్స్ అనే సముద్రపక్షులనీ పైకి రప్పిస్తాయి, అవి నేల మీద గూడు పెట్టే చిన్న పక్షుల గుడ్లు తింటాయి. అరటిపండు తేవాలనుకుంటే తొక్క వేయడానికి మూత ఉన్న డబ్బా కూడా తెండి. నీళ్ళు ఒక్కో కొండకి మనిషికి 2 నుంచి 3 లీటర్లు, తిరిగి నింపుకునే సీసాల్లో. 28 మందికి మూడు కొండలకీ అరలీటరు సీసాలు కొంటే మూడు వందలకి పైగా ఖాళీ సీసాలు మిగులుతాయి.

శిఖరం మీద ఫోటో, జెండా, ఒక నిమిషం ఆనందం సరిపోతాయి. స్పీకర్లో పాటలు వద్దు. కొబ్బరికాయ కొట్టాలనిపిస్తే కింద కొట్టి, ప్రసాదం పైకి తెచ్చుకోండి. రాళ్ళ మీద కుంకుమ, పసుపు, పేర్లు వద్దు. రాళ్ళు ఏరి కొత్త గుట్టలు పేర్చొద్దు. బెన్ నెవిస్ మీద పొగమంచులో దారి చూపేవి ముందునుంచీ ఉన్న గుట్టలే, దొంగ గుట్ట చూసి నడిచినవాడు కొండచరియ వైపు పోతాడు. బెలూన్లు, ఆకాశదీపాలు అసలు తేవద్దు. కుక్కని తెస్తే, ఇంగ్లండ్, వేల్స్‌లలో ఈ బహిరంగ భూముల్లో మార్చి 1 నుంచి జులై 31 దాకా రెండు మీటర్లకి మించని తాడుతో కట్టి నడిపించాలి, అది చట్టం. స్కాట్లండ్‌లో కూడా పిల్లలున్న గొర్రెల దగ్గర తాడు విప్పొద్దు.

రక్షణ బృందాల గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే బాధ్యత అంటే కొండ పట్ల మాత్రమే కాదు. లోకాబర్, వాస్‌డేల్, లాన్‌బెరిస్ రక్షణ బృందాల్లో ఉన్నవాళ్ళు జీతం తీసుకోని స్వచ్ఛంద కార్యకర్తలు. మీ జట్టులో ఒకరు అలసిపోయి కూలబడితే రాత్రి 2 గంటలకి నిద్ర లేచి వచ్చేది వాళ్ళే. ఆ పిలుపు రాకుండా చూసుకోవడం మీ పని. వచ్చే ప్రతి ఒక్కరూ నడకకి నెల ముందు ఒకే రోజులో 900 మీటర్ల ఎక్కుడు ఉన్న కొండ ఒకటి ఎక్కి దిగి ఉండాలి. లేనివాళ్ళు ఈసారికి కింద టీ, భోజనాల బాధ్యత తీసుకోవచ్చు. ప్రతి కొండకీ వెనుదిరిగే వేళ రాసి పెట్టుకోండి. బెన్ నెవిస్‌కి మూడున్నర గంటల్లో పైకి చేరకపోతే ఆ జట్టు అక్కడి నుంచే దిగాలి. పైన కింద కంటే 9 డిగ్రీల దాకా చల్లగా ఉంటుంది, గాలి వేరు. వాన జాకెట్, వాన ప్యాంటు, టోపీ, చేతి తొడుగులు వేసవిలోనూ కావాలి, జీన్స్ వద్దు. పొగమంచు కమ్మితే బెన్ నెవిస్ శిఖర స్తంభం నుంచి మ్యాపు గ్రిడ్ ప్రకారం 231 డిగ్రీల దిశలో 150 మీటర్లు, తర్వాత 281 డిగ్రీల దిశలో దిగాలి. తప్పితే ఒక పక్క గార్డీలూ, ఇంకో పక్క ఫైవ్ ఫింగర్ గల్లీ అనే మరో చీలిక. దిక్సూచితో దీన్ని ముందుగా పార్కులో సాధన చేయండి. ఆపదలో 999కి చేసి పోలీసుని అడగాలి, వాళ్ళ ద్వారా మౌంటెన్ రెస్క్యూ వస్తుంది. సిగ్నల్ తక్కువుంటే మెసేజ్ పంపొచ్చు, దానికి ఇంటి దగ్గరే 999కి రిజిస్టర్ అనే మాట ఇంగ్లీషులో పంపి నమోదవ్వాలి. విజిల్ నిమిషానికి ఆరు ఊదులు, ఒక నిమిషం విరామం, మళ్ళీ ఆరు.

ఖర్చుల పట్టికలో బండ్ల అద్దె, గైడ్ల రుసుం కింద ఇంకో వరస చేర్చండి: మూడు కొండలకీ కలిపి తలకి కనీసం 10 పౌండ్లు. 28 మందికి 280. దాన్ని జాన్ మ్యూర్ ట్రస్టు, ఫిక్స్ ద ఫెల్స్, లాన్‌బెరిస్ రక్షణ బృందం మధ్య పంచండి. ఇది సేవాసంస్థకి ఇచ్చే విరాళంలోంచి తీయొద్దు, నడిచేవాళ్ళే వేసుకోవాలి. ఎవరి డబ్బు ఎటు పోతుందో కరపత్రంలో రాయండి.

నన్నడిగితే, మొదటిసారి ఇంతమందితో వెళ్ళేవాళ్ళకి యార్క్‌షైర్ మూడు శిఖరాలు మేలు. పెన్-ఎ-గెంట్ 694 మీటర్లు, వెర్న్‌సైడ్ 736, ఇంగిల్‌బరో 723. సుమారు 39 కిలోమీటర్ల చుట్టు నడక, అలవాటైన గడువు 12 గంటలు. హోర్టన్-ఇన్-రిబుల్స్‌డేల్‌లో మొదలుపెట్టి అక్కడికే చేరతారు, కొండకీ కొండకీ మధ్య బండి అక్కర్లేదు. లీడ్స్ నుంచి సెటిల్-కార్లైల్ మార్గంలో హోర్టన్‌కి రైలుంది. అక్కడా వేసవి శనివారాలు రద్దీగానే ఉంటాయి, పీట్ అనే మెత్తటి తడినేల మీద దారి వదిలి నడిస్తే అక్కడా గండ్లు పడతాయి, కాబట్టి వారం మధ్య రోజే చూసుకోండి. దారి పెన్-ఎ-గెంట్ దాటాక రిబుల్‌హెడ్ మీదుగా పోతుంది. 24 కమానుల రైలు వంతెన ఉన్నది అక్కడే, స్టేషన్ కూడా పక్కనే. మోకాలు నొప్పెట్టినవాళ్ళు, వెనకబడినవాళ్ళు అక్కడ ఆగి, హోర్టన్‌కి ఒక్క స్టేషన్ రైలెక్కి మిగతావాళ్ళ కోసం ఎదురుచూడొచ్చు. రైళ్ళు తక్కువ, గంటల ఎడం ఉంటుంది. వేళలు కాగితం మీద రాసి ప్రతి జట్టు నాయకుడికీ ఇవ్వండి, ఆ లోయలో ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోవద్దు.